బెంగళూరు క్యాంపర్ వ్యాన్ మీటప్: తరచుగా అడిగే ప్రశ్నలు

క్యాంపర్ వ్యాన్, అంటే లోపలే పడుకుని వండుకునేలా మార్చిన వ్యాన్, కట్టుకుంటున్నవాళ్లు, కట్టుకుందామని ఏళ్ల తరబడి అనుకుంటున్నవాళ్లు, ఒకటి కట్టి అమ్మేసి మళ్లీ ఇంకోటి మొదలుపెట్టినవాళ్లు కలిసే వారాంతం ఇది. ఫోన్ చేసినవాళ్లంతా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాం. కొన్ని జవాబులు పొడుగ్గా ఉన్నాయి. ఆర్టీవో, కరెంటు సంగతులు రెండు ముక్కల్లో తేలేవి కావు మరి.

ఇంతకీ ఈ మీటప్‌లో ఏం జరుగుతుంది?

శనివారం మధ్యాహ్నానికి బండ్లు వస్తాయి, ఆదివారం మధ్యాహ్నం తర్వాత వెళ్లిపోతాయి. స్టేజీ లేదు, మైకు లేదు, ముఖ్య అతిథి లేడు. ఉన్న నియమం ఒక్కటే: బండి తెచ్చినవాళ్లు తలుపు తెరిచి ఉంచాలి, తలుపుతో పాటు మంచం కింద మూత కూడా తెరవాలి. పరుపులు, కుషన్లు, వేలాడే లైట్లు ఇన్‌స్టాగ్రామ్‌లో రోజూ చూస్తూనే ఉన్నాం. బ్యాటరీని దేనితో బిగించారు, వైరు ఎటు నుంచి లాగారు, సడన్ బ్రేకు వేస్తే నీళ్ల ట్యాంకు ముందుకి రాకుండా ఏం చేశారు అన్నవి ఆ ఫోటోల్లో ఉండవు. వాటి కోసమే కలుస్తున్నాం.

నాకు వ్యాన్ లేదు. రావచ్చా?

నిక్షేపంగా రావచ్చు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బండి కొనకముందే దానికి పేరు, లోగో, స్టిక్కరు రెడీ చేసుకున్నవాళ్లు మాలో చాలామందే ఉన్నారు. నిజానికి కొనకముందు రావడమే లాభం. ఒక కొలత టేపు తెచ్చుకోండి. చెప్పులు బయట విప్పి, ఓనర్ని అడిగి మంచం మీద అడ్డంగా పడుకుని చూడండి. కాళ్లు పూర్తిగా చాపుకోగలిగితే మంచం అడ్డంగా వేసుకోవచ్చు, వెనక చాలా చోటు మిగులుతుంది. చాపుకోలేకపోతే మంచం నిలువుగా పడుతుంది, వంటగది సగమవుతుంది. మొత్తం ప్లాను తిరిగేది ఈ ఒక్క కొలత మీదే. కాగితం మీద గీసుకున్నవాళ్లు దీన్ని ఎప్పుడూ ఉన్నదానికన్నా ఎక్కువే వేసుకుంటారు. గోడలకి ఇన్సులేషన్, దాని మీద ప్యానెల్ పడ్డాక రెండు పక్కలా ఎంత తగ్గుతుందో మర్చిపోతారు.

ఎప్పుడు, ఎక్కడ?

సంక్రాంతికి ఊళ్లకి వెళ్లినవాళ్లంతా తిరిగొచ్చాక, జనవరి ఆఖర్లో గానీ ఫిబ్రవరిలో గానీ. ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరులో సాయంత్రం గాలివానలు ఎప్పుడు విరుచుకుపడతాయో చెప్పలేం. అక్టోబరు, నవంబరు ఈశాన్య రుతుపవనాల కాలం, తోటల్లో నేల ఆరదు. చోటు హోసకోట దాటాక కోలారు వైపు, 75వ నంబరు జాతీయ రహదారికి దగ్గర్లో ఒక మామిడితోట. పేరు నమోదు చేసుకున్నవాళ్లకి మాత్రమే లొకేషన్ పంపుతాం. అది ఒక కుటుంబం ఉండే చోటు, పిక్నిక్ స్పాట్ కాదు.

ఆ రోజుల్లో మామిడి పూత మీద ఉంటుంది. కొమ్మలకి ఉయ్యాలలు, టార్పాలిన్ తాళ్లు కట్టడం కుదరదు. నీడ కావాలంటే మీ సొంత గుంజలు తెచ్చుకోండి. తోట పెద్దాయన మిగతా ఏ విషయమైనా నవ్వుతూ ఊరుకుంటారు గానీ పూత దగ్గర మాత్రం ఊరుకోరు.

బండి లేకుండా వచ్చేవాళ్లు మెట్రో పర్పుల్ లైన్‌లో వైట్‌ఫీల్డ్ చివరి స్టేషన్ దాకా వస్తే, అటుగా వచ్చే బండ్లవాళ్లు ఎక్కించుకుంటారు. ముందు రోజే చెప్పాలి.

తెలుగువాళ్లకేనా?

మొదలుపెట్టింది మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లం కాబట్టి మాటలన్నీ ఎక్కువగా తెలుగులోనే నడుస్తాయి. కన్నడం, తమిళం వాళ్లు కూడా వస్తారు, వాళ్లతో వాళ్ల భాషలో మనమూ తంటాలు పడతాం. కోలారు, చింతామణి, బాగేపల్లి వైపు ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడుమంది కాబట్టి తోటలోనూ, దారిలో టీ కొట్లోనూ ఇబ్బంది ఉండదు.

నా బండి సగంలోనే ఆగిపోయింది. తీసుకురావచ్చా?

తప్పకుండా తీసుకురండి. పూర్తయిన బండి కన్నా సగంలో ఉన్న బండి చుట్టూనే జనం ఎక్కువ మూగుతారు. గోడ ప్యానెల్ వేయకముందు వైరింగ్ కనిపిస్తుంది, తప్పు ఉంటే విప్పకుండానే దిద్దుకోవచ్చు. ఒక్కటే షరతు: అది రోడ్డు మీద సురక్షితంగా నడిచేలా ఉండాలి. లోపల విడిగా పడి ఉన్న ప్లైవుడ్ ముక్కలు, పనిముట్లు తాళ్లతో కట్టేయండి.

ఏ బండితో మొదలుపెట్టాలి?

ఇద్దరు మనుషులు, వారాంతాలు, ఎక్కువగా ఘాట్ లేని రోడ్లు అయితే మారుతి ఈకో చాలు. 1.2 లీటర్ల పెట్రోలు ఇంజను, చిన్న సందుల్లోనూ పడుతుంది, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మామూలు కారులా ఒదుగుతుంది. లోపల నిలబడలేరు, వంట వెనక డోరు ఎత్తి బయట చేసుకోవాల్సిందే. ఓమ్నీ తయారీ 2019లో ఆగిపోయింది. పాతవి దొరుకుతాయి గానీ తుప్పు చూసుకోకుండా కొనొద్దు, ముఖ్యంగా స్లైడింగ్ డోర్ల కింది పట్టాల దగ్గర.

టాటా వింగర్ ముందు చక్రాలతో నడిచే బండి. కింద వెనక్కి పోయే షాఫ్టు లేదు కాబట్టి ఎక్కడానికి వీలుగా, తక్కువ ఎత్తులో ఉంటుంది. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లకి ఇది నప్పుతుంది. ఫోర్స్ ట్రావెలర్, అంటే మనం టెంపో ట్రావెలర్, టీటీ అనేది, మాలో ఎక్కువమంది చివరికి చేరేది దీని దగ్గరికే. ఎత్తు పైకప్పు ఉన్న రకంలో మన సగటు ఎత్తు మనుషులు తల వంచకుండా నిలబడొచ్చు. వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, మూడు నాలుగు రకాల్లో వస్తుంది. ఇంకో పెద్ద కారణం రిపేరు. అంబులెన్సులుగా, స్టాఫ్ బస్సులుగా దేశమంతా తిరిగే బండి కాబట్టి అనంతపురంలో ఆగిపోయినా కడపలో ఆగిపోయినా దాన్ని విప్పి చూసిన మెకానిక్ దొరుకుతాడు. అదే కంపెనీ అర్బేనియా ఇంకా నున్నగా నడుస్తుంది, ధరా అలాగే ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ టీటీ కొంటే ఆర్సీలో అది ట్రాన్స్‌పోర్ట్ వాహనమా కాదా ముందు చూడండి. పసుపు బోర్డు బండిని తెల్ల బోర్డుకి మార్చుకోవడం ఒక పెద్ద తతంగం. ట్యాక్సు తేడా, పర్మిట్ సరెండర్, ఫైనాన్స్ ఉంటే వాళ్ల ఎన్‌ఓసీ, అన్నీ తేలేదాకా అడ్వాన్సు తప్ప ఇంకేమీ ఇవ్వొద్దు.

నా బండిని నేనే క్యాంపర్‌గా మార్చుకోవడం చట్టబద్ధమేనా?

అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న. చాలామంది పని మొత్తం అయ్యాక అడుగుతారు.

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ తయారుచేసినప్పటి వివరాలకీ ఆర్సీలోని వివరాలకీ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో 182ఏ సెక్షన్‌ని కొత్తగా రాశారు. అనుమతి లేని మార్పు చేయిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

అలాగని దారులన్నీ మూసుకుపోలేదు. మోటార్ కారవాన్ అనే తరగతి మన నిబంధనల్లో ఉంది. సీట్లు, బల్ల, పడుకునే చోటు, వంట ఏర్పాటు, సామాను అరలు ఉండాలి, అవి బండికి గట్టిగా బిగించి ఉండాలి. సీట్లనే మంచంగా మార్చుకునేలా చేసినా ఒప్పుకుంటారు. బల్లని మాత్రం తీసి పెట్టుకునేలా చేసుకోవచ్చు. ఇలాంటి బండ్లకి ఆమోదం ఇచ్చే పద్ధతి ఏఐఎస్ 124 అన్న ప్రమాణంలో ఉంటుంది. పుణేలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి పరీక్షా సంస్థలు ధ్రువీకరిస్తాయి. ఇది ఒకే డిజైన్‌తో పదుల బండ్లు చేసే బాడీ బిల్డర్లకి గిట్టుబాటయ్యే దారి, ఇంటి ముందు ఒక్క బండి కట్టుకునేవాడికి కాదు.

కాబట్టి మామూలు మనిషి ముందున్నవి రెండు. ఆమోదం ఉన్న బిల్డర్ దగ్గర చేయించుకుని, ఆర్సీలో క్యాంపర్ గానో కారవాన్ గానో రాయించుకోవడం మొదటిది. అడ్వాన్సు ఇచ్చేముందు సర్టిఫికెట్ కాపీ అడగండి. మీ మోడల్, మీ వీల్‌బేస్ అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. "మేం చూసుకుంటాం సార్" అన్న మాట కాగితం కాదు. రెండోది, సీట్లు ఆర్సీలో ఉన్నట్టే ఉంచి, మంచం పెట్టె, వంట పెట్టె లాంటివి విప్పి తీసేయగలిగేలా కట్టుకోవడం. పైకప్పు ఎత్తు పెంచకుండా, కొత్త కిటికీ కోయకుండా, బాడీకి కోత పెట్టకుండా. ఫ్యాన్ కోసం పైన చేసే చిన్న చతురస్రం కూడా కోతే. ఈ రెండో దారిలో వెళ్లేవాళ్లు కూడా తమ ఆర్టీవోకి ముందే రాసి అడగడం, ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోటోలతో మెయిల్ పెట్టి జవాబు దాచుకోవడం మంచిది. చెప్పకుండా చేసిన మార్పు బయటపడేది క్లెయిమ్ రోజునే.

నల్ల ఫిల్మ్ సంగతి కూడా చెప్పుకోవాలి. ముందూ వెనకా అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. బండి ఆపాక లోపలి నుంచి తొడిగే వెండి రంగు రిఫ్లెక్టివ్ షీట్లు కత్తిరించుకోండి. ఎండా ఆగుతుంది, చాటూ దొరుకుతుంది. ముందు భాగంలో బుల్ బార్, అంటే బంపర్ మీద ఇనుప చట్రం, బిగించడాన్ని కేంద్రం 2017 డిసెంబరులోనే వద్దంది.

కారు లైసెన్సు సరిపోతుందా?

బండి మొత్తం బరువు 7,500 కిలోలు మించనంతవరకూ ఎల్‌ఎంవీ, అంటే తేలికపాటి వాహనాల లైసెన్సు చాలు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ బరువులోపు ట్రాన్స్‌పోర్ట్ బండ్లకి కూడా ఇదే వర్తిస్తుందని తేల్చింది. ఈకో నుంచి టీటీ దాకా అన్నీ ఇందులోకే వస్తాయి.

నాది ఏపీ నంబరు బండి. కర్ణాటకలో ఇబ్బందా?

మీటప్‌కి వచ్చి వెళ్లడానికి ఏ ఇబ్బందీ లేదు, సొంత వాడకం తెల్ల బోర్డు అయితే. బెంగళూరులోనే ఉంటూ ఏపీ, టీజీ నంబరుతో తిరుగుతుంటే మాత్రం మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ గుర్తుంచుకోండి. 12 నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే అక్కడ రిజిస్టర్ చేయించుకోవాలి. కర్ణాటక లైఫ్ ట్యాక్సు ఎక్కువ, దాని లెక్క బండి కొనకముందే వేసుకోండి. పాత రాష్ట్రంలో కట్టిన ట్యాక్సు వాపసుకి విడిగా అర్జీ పెట్టుకోవాలి.

బరువు గురించి మీరెందుకంత పట్టుబడతారు?

ఎందుకంటే బండి కట్టేవాళ్లు కొలతలన్నీ అంగుళాల్లో వేసుకుంటారు, కిలోల్లో ఎవరూ వేసుకోరు. 18 మిల్లీమీటర్ల మందం, 8 బై 4 ప్లైవుడ్ షీటు ఒక్కటే 30 కిలోల పైన ఉంటుంది. ఆరు షీట్లు వాడితే 200 కిలోల దగ్గరికి వెళ్లినట్టే. నీళ్లు లీటరుకి కిలో. బ్యాటరీలు, ఫ్రిజ్, సోలార్ ప్యానెళ్లు, వాటి స్టాండు, నలుగురు మనుషులు, వాళ్ల పరుపులు. ఆర్సీలో రాసిన మొత్తం బరువు దాటడం మీరనుకున్నంత కష్టం కాదు. దాటితే బ్రేకులు, టైర్లు, వెనక స్ప్రింగులు ముందు చెబుతాయి.

అందుకే బండి తెచ్చేవాళ్లని దారిలో కాటా వేయించి చీటీ తెమ్మంటాం. మీరు హోసకోటకి వచ్చే ఓల్డ్ మద్రాస్ రోడ్డు లారీల రోడ్డు, కాటాలకి కొదవ లేదు. డీజిలు నిండుగా, నీళ్లు నిండుగా, మనుషులు లోపల ఉండగా వేయించండి. ఆ తర్వాత వెనక చక్రాలు మాత్రం ప్లాట్‌ఫారం మీద ఉండేలా ఇంకోసారి. మొత్తం బరువు సరిగ్గానే ఉన్నా నీళ్ల ట్యాంకు వెనక ఇరుసుకి అవతల పెడితే ముందు చక్రాల మీద భారం తగ్గిపోయి స్టీరింగ్ తేలికైపోతుంది. చీటీలన్నీ సాయంత్రం ఒక అట్ట మీద పక్కపక్కన గుచ్చుతాం, పేర్లు లేకుండా, మోడల్, వీల్‌బేస్ మాత్రం రాసి. మొత్తం మీటప్‌లో అందరూ ఎక్కువసేపు నిలబడేది ఆ అట్ట ముందే.

బరువు తగ్గించాలంటే అన్నిటికీ 18 మిల్లీమీటర్లు వాడొద్దు. మంచానికి అల్యూమినియం ప్రొఫైల్ ఫ్రేము, పైన 12 మిల్లీమీటర్ల ప్లై చాలు. తడి తగిలేచోట ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై, మిగతా చోట్ల ఐఎస్ 303 వాటర్ రెసిస్టెంట్ రకం.

కరెంటు సంగతి మొదటి నుంచి చెప్పండి.

ముందు రోజు వాడకం లెక్క వేయండి. బ్యాటరీ కొని తర్వాత లెక్క వేసేవాళ్లే ఎక్కువ. ఇద్దరు మనుషుల మామూలు రోజు ఇలా ఉంటుంది: 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకి సుమారు 500 వాట్ అవర్లు, తక్కువ కరెంటుతో తిరిగే 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను రాత్రి 8 గంటలు తిరిగితే 224, లైట్లు 50, రెండు ఫోన్లు ఒక ల్యాప్‌టాప్ కలిపి 200. అంటే ఒక యూనిట్‌కి, 1,000 వాట్ అవర్లకి, అటూ ఇటూ. 12.8 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో ఉండేది 1,280 వాట్ అవర్లు. ఎండ లేని రోజుని కూడా దాటాలంటే 200 ఏహెచ్ పెట్టుకోండి. ఇంటి ఇన్వర్టర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ తక్కువకి వస్తుంది గానీ సగానికి మించి వాడితే త్వరగా పోతుంది. బరువు సంగతి పైన చెప్పుకున్నాం.

నింపుకోవడానికి మూడు దారులు: సోలార్, బండి ఆల్టర్నేటర్, ఎక్కడైనా ప్లగ్గు. ఆల్టర్నేటర్ నుంచి నేరుగా వైరు లాగి లిథియం బ్యాటరీకి కలపొద్దు. ఖాళీ లిథియం బ్యాటరీ ఎంత ఇస్తే అంత లాగేస్తుంది, ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోవచ్చు. మధ్యలో డీసీ టు డీసీ చార్జర్ పెట్టాలి. 30 ఆంపియర్లది అయితే మూడు గంటల ప్రయాణంలో ఒక రోజు వాడకం వచ్చేస్తుంది. బెంగళూరు నుంచి ఎటు వెళ్లినా సిటీ దాటడానికే అందులో సగం సమయం పోతుంది కాబట్టి ట్రాఫిక్‌కి ఇదొక్కటే లాభం.

ఇక వైర్లు. 12 వోల్టుల దగ్గర 1,000 వాట్ల ఇన్వర్టర్ నష్టాలతో కలిపి 100 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఇంట్లో గీజర్‌కి వాడే వైరు దానికి ఎందుకూ పనికిరాదు. బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కి 25 చదరపు మిల్లీమీటర్లకి తగ్గని మెత్తటి రాగి కేబుల్, ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరంలోనే ఉండాలి. అది కాపాడేది వైరుని, మీ ఇన్వర్టర్ని కాదు. కాబట్టి వైరు మోయగలిగే ఆంపియర్లని బట్టే ఫ్యూజు.

శనివారం సాయంత్రం ఒక బల్ల మీద క్రింపింగ్, అంటే కేబుల్ కొసకి లగ్ అనే లోహపు తొడుగు నొక్కి బిగించడం, నేర్పిస్తాం, మీ చేత్తోనే చేయిస్తాం. కేబుల్ కొస ఒలిచి, లగ్‌లో దూర్చి, హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కి, ఆ లగ్‌ని హ్యాక్సా బ్లేడుతో అడ్డంగా కోసి చూపిస్తాం. సరిగ్గా నొక్కినదైతే లోపల పోగులు విడివిడిగా కనిపించవు, ఒకే రాగి దిమ్మలా అతుక్కుపోయి ఉంటాయి. సుత్తితో కొట్టి బిగించిన లగ్గుల్లో నల్లటి సందులు కనపడతాయి. వేడెక్కేది ఆ సందుల దగ్గరే. పక్కనే ఇంకో ముక్క ఉంటుంది: తక్కువకి వస్తుందని కొనే రాగి పూత అల్యూమినియం వైరు. పోగుని బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. టిన్ పూత వేసిన అసలు రాగి వైరు దీనికి తిరగేసి ఉంటుంది, పైన తెల్లగా, గీకితే ఎర్రగా. కొనే ముందు కొట్లోనే గీకి చూడండి, ఎవరూ ఏమీ అనుకోరు.

సోలార్ ఎంత పెట్టాలి?

400 వాట్లు పెడితే బెంగళూరు ఎండకి మంచి రోజున యూనిటున్నర దాకా వస్తుంది. మనం 13 డిగ్రీల అక్షాంశంలో ఉన్నాం, ఏడాదిలో చాలా భాగం మధ్యాహ్నం సూర్యుడు నెత్తి మీదకి దగ్గరగానే ఉంటాడు. ప్యానెల్‌ని పైకప్పు మీద బల్లపరుపుగా పడేసినా పెద్ద నష్టం లేదు. వంచే స్టాండ్లు, మోటర్లు అవసరం లేదు. నష్టం చేసేది నీడ. ఒక్క కొమ్మ నీడ మూల మీద పడినా రాబడి సగానికి పడిపోవచ్చు. మామిడితోటలో ఈ తమాషా చూడాలి: మధ్యాహ్నం కునుకు తీయడానికి బండి నీడలో ఉండాలి, ప్యానెల్ మాత్రం ఎండలో ఉండాలి అని అందరూ బండ్లు ముందుకీ వెనక్కీ జరుపుతూనే ఉంటారు. విప్పి పరిచే ప్యానెల్ ఒకటి ఉన్నవాళ్లు హాయిగా పడుకుంటారు.

ఏసీ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, కానీ బెంగళూరు కోసం అయితే డబ్బు దండగ. పైకప్పుకి వేడిని ఆపే నైట్రైల్ రబ్బరు షీటు సరిగ్గా అతికించి, ఒక ఫ్యాను గాలిని బయటికి తోసేలా పెట్టుకుంటే ఇక్కడి రాత్రులకి దుప్పటి కావాలి. బెజవాడ మే నెల కోసం అయితే ఒక రాత్రికి మూడు నాలుగు యూనిట్లు పక్కన పెట్టుకోవాలి. అంటే పై లెక్కకి రెండింతల బ్యాటరీ, 24 లేదా 48 వోల్టుల సిస్టమ్. మే నెలలో కొండల మీదకి వెళ్లడం దానికన్నా చవక.

వంటకి గ్యాసా, ఇండక్షనా?

ఎల్‌పీజీ గాలి కన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద చేరి కూర్చుంటుంది, మనం పడుకునేదీ అక్కడే. సిలిండర్ పెట్టెకి అడుగున బయటికి తెరుచుకునే రంధ్రం ఉండాలి, ఆ పెట్టె నుంచి గది లోపలికి సందు ఉండకూడదు. ఇంటి 14.2 కిలోల సిలిండర్ వ్యాన్‌లో పెట్టుకుని తిరగొద్దు. గుర్తింపు కార్డు చూపిస్తే 5 కిలోల చిన్న సిలిండర్ దొరుకుతుంది. గొట్టం ఐఎస్ 9573 ముద్ర ఉన్నదే వాడండి, మీద ముద్రించిన తేదీ చూసి మార్చండి. వండేటప్పుడు కిటికీ తెరవండి. చలికి బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుని పడుకోవడం అసలు వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

మా ఓటు ఇండక్షన్‌కే. 1,200 వాట్ల మీద కుక్కర్‌లో పప్పూ అన్నం ఒక పావుగంట అనుకుంటే 300 వాట్ అవర్లు. రోజుకి ఒక పూట వంటకి ఇది భరించగలిగే ఖర్చే. దోసెలు వేసుకునే ఇల్లయితే మాత్రం గ్యాసే గతి.

ఏదైనా సరే, ఏబీసీ పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందే చోట, తలుపు పక్కన ఉండాలి. ఇది లేని బండిని లోపలికి రానివ్వం. ఇందులో మొహమాటాలు లేవు.

నీళ్లు, టాయిలెట్?

తోటలో బోరు ఉంది గానీ అది చెట్లకి. మన కోసం ట్యాంకరు తెప్పిస్తాం. 2024 ఎండాకాలం బెంగళూరులో ఉన్నవాళ్లకి నీళ్ల గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. సింకు నీళ్లు నేల మీద వదలొద్దు, కింద ఒక క్యాన్ పెట్టుకుని చివర్లో చూపించిన గుంటలో పోయండి.

బయో టాయిలెట్లు ఉంటాయి, ఆడవాళ్లకి విడిగా. మీ బండిలో కెమికల్ టాయిలెట్ ఉంటే దాన్ని అక్కడ ఖాళీ చేయొద్దు, ఇంటికెళ్లి చేసుకోండి. కొబ్బరి పొట్టుతో పనిచేసే డ్రై టాయిలెట్ చేసుకున్నవాళ్లు కొందరు వస్తారు. తుమకూరు వైపు కొబ్బరి పొట్టు దొరకనిదెప్పుడు. వాసన రాదా అన్న ప్రశ్న వాళ్లనే అడగండి, ఓపిగ్గా చెబుతారు.

సామాన్లు బెంగళూరులో ఎక్కడ కొనాలి?

ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ సామాను ఎస్పీ రోడ్డులో. బస్‌బార్లు, లగ్గులు, ఫ్యూజులు, హీట్ ష్రింక్, 12 వోల్టుల స్విచ్చులు ఒకే సందులో దొరుకుతాయి. ఆదివారం వెళ్లి ప్రయోజనం లేదు. బండి విడిభాగాలు, సీటు పట్టాలు, రబ్బరు బీడింగు జేసీ రోడ్డు, కలాసిపాళ్యం వైపు. పాత బండ్ల తలుపు హ్యాండిళ్లు, కిటికీ అద్దాల ఫ్రేములు కావాలంటే శివాజీనగర్ గుజరీ, అంటే పాత సామాన్ల బజారు. ప్లైవుడ్, టింబరు మైసూరు రోడ్డు టింబర్ యార్డ్ లేఔట్. అల్యూమినియం ప్రొఫైళ్లు, షీట్ మెటల్ వంచే పని పీన్యా. చిన్న ఆర్డర్ అంటే మొదట పట్టించుకోరు. డ్రాయింగు కాగితం మీద కొలతలతో వెళ్తే మాట మారుతుంది.

షెడ్డులో పని ఇచ్చేవాళ్లకి ఒక మాట. మొత్తం డబ్బు ముందే ఇచ్చి నెలల తరబడి తిరిగినవాళ్లు మాలో ఉన్నారు. ఇన్సులేషన్ అయ్యాక ఇంత, వైరింగ్ ఫోటోలు పంపాక ఇంత, ఫర్నిచర్ బిగించాక ఇంత అని ముందే రాసుకోండి. గోడ మూసే ముందు మీరే వెళ్లి చూడండి.

కంపెనీలు, బిల్డర్లు స్టాల్ పెట్టుకోవచ్చా?

స్టాల్ లేదు. వాళ్లు కట్టిన బండి తెచ్చి అందరిలాగే మూత తెరిచి నిలబడొచ్చు. కార్డులు అడిగితే ఇవ్వండి, మీరుగా పంచొద్దు.

భోజనం?

శనివారం రాత్రి అందరం కలిసి వండుకుంటాం: రాగి సంగటి, పప్పు, వేరుశనగ పచ్చడి, ఎవరో ఒకరు తెచ్చే ఆవకాయ. కంచం, గ్లాసు మీవే తెచ్చుకోండి, కాగితం ప్లేట్లు పెట్టం. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి లేచి హోసకోట బిర్యానీ కోసం క్యూలో నిలబడే బ్యాచి ఒకటి ఉంటుంది. బెంగళూరు నుంచి జనం పనిగట్టుకుని వచ్చే బిర్యానీ, మనం పక్కనే ఉండి వదులుకోవడం ఎందుకు. వెళ్లేవాళ్లు ముందు రాత్రే బండ్లు గేటు దగ్గర పెట్టుకోండి, అందరినీ లేపొద్దు.

మందు పార్టీ ఉంటుందా?

ఉండదు.

ఆడవాళ్లు ఒంటరిగా రావచ్చా? పిల్లలు, కుక్కలు?

ఒంటరిగా బండి నడుపుకుంటూ వచ్చే ఆడవాళ్లున్నారు. వాళ్లడిగితే టాయిలెట్లకీ లైట్లకీ దగ్గరగా ఉన్న వరస ఇస్తాం. ఎవరి బండి ఎక్కాలన్నా అడిగే ఎక్కాలి, ఫోటో తీయాలన్నా అడిగే తీయాలి. పిల్లల్ని తీసుకురండి. బండి కదులుతున్నప్పుడు మాత్రం మంచం మీద పడుకోబెట్టకండి, బెల్టు ఉన్న సీట్లోనే కూర్చోవాలి. కుక్కలకి గొలుసు తప్పనిసరి, తోటలో వాటికన్నా సీనియర్లున్నారు.

రాత్రి నియమాలు?

జనరేటర్ వద్దు. పది తర్వాత పాటలు వద్దు, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్ స్పీకర్లు వాడకూడదన్నది ఎలాగూ చట్టమే. నెగడు ఒక్కటే, తోటవాళ్లు చూపించిన చోట. టెంటు వేసుకునేవాళ్లు బండ్ల దారికి దూరంగా వేసుకోండి.

డబ్బెంత కట్టాలి?

తోట అద్దె, ట్యాంకరు, టాయిలెట్లు, వంట సరుకుల ఖర్చు బండ్ల లెక్కన, మనుషుల లెక్కన పంచుకుంటాం. నమోదు ముగిశాక మొత్తం ఎంతో, మీ వంతు ఎంతో చెబుతాం. ఖర్చుల చీటీ అందరికీ కనిపిస్తుంది.

మీటప్ అయ్యాక ఎటైనా వెళ్తున్నారా?

వెళ్లేవాళ్లు వెళ్తారు. కొత్త బండ్లకి మేం చెప్పేది లేపాక్షి. 44వ నంబరు రహదారిలో బాగేపల్లి దాటి, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర పక్కకి తిరిగితే చాలు. రోడ్డు సుఖం, ఏదైనా ఊడిపోతే తిరిగి రావడానికీ దగ్గరే. ఘాట్ మీద బ్రేకులు, బరువు పరీక్షించుకోవాలంటే చింతామణి, మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్. దిగేటప్పుడు గేరులోనే దిగండి, బ్రేకు మీద కాలు పెట్టుకుని కాదు. సోమవారం సెలవు పెట్టగలిగినవాళ్లు గండికోట పోతారు.

మైసూరు దాటి ఊటీ వైపు వెళ్లేవాళ్లకి: బందీపూర్ అడవిలోంచి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు పంపరు. గేటు దగ్గర అడ్డంగా ఆగి పడుకోవడం ప్లాను కాదు. తిరుమల వెళ్లేవాళ్లు అలిపిరికి ముందే ఫ్రిజ్ ఒకసారి చూసుకోండి. మాంసం, మద్యం, పొగాకు ఏదీ పైకి వెళ్లదు, మిగిలిన హోసకోట బిర్యానీతో సహా.

వాన పడితే?

పడే కాలం కాదు గానీ, పడితే ఎర్రమట్టి చక్రాలకి పట్టుకుంటుంది. టీటీలు వెనక చక్రాలతో నడిచేవి, వెనక బరువు బాగా ఉంటే గట్టెక్కుతాయి. వింగర్లని గేటుకి దగ్గర్లో గట్టి నేల మీద పెట్టిస్తాం. ప్రతి బండీ ఒక లాగుడు తాడు, రెండు చెక్కపలకలు తెచ్చుకోవాలి. లాగే ముందు టోయింగ్ హుక్ ఎక్కడుందో చూసుకోండి, చాలా బండ్లలో అది టూల్ కిట్‌లో విడిగా ఉంటుంది. తోట ట్రాక్టరు ఉంది, పిలిస్తే వస్తుంది, డీజిలు ఖర్చు బురదలో దిగినవాళ్లది.